నానిందా, కాలిందా, చిరిగిందా? కార్పెట్ పారేసే ముందు ఒక్కసారి తిరగేసి చూడండి.. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు!

అక్టోబరు వచ్చిందంటే ఉత్తరాంధ్రలో అందరి చూపూ బంగాళాఖాతం మీదే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్.. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు ఈ తేదీలు ఇప్పటికీ నోటికి వచ్చేస్తాయి. తుపాను వెళ్లిపోయాక కరెంటు వస్తుంది, రోడ్డు మీద పడిన చెట్లు తీస్తారు. ఆ తర్వాతే ఇంట్లో ఏం పోయిందన్న లెక్క మొదలవుతుంది. పరుపులు, పుస్తకాలు, బియ్యం బస్తాలతో పాటు ఆ లెక్కలోకి వచ్చే ఇంకో వస్తువు హాల్లో పరిచిన కార్పెట్. బరువెక్కి, కంపు కొడుతూ ఓ మూలన పడి ఉంటుంది. "ఏటి సేస్తాం, పారెయ్యడమే" అనుకుని వీధి చివర పడేసి వచ్చేస్తారు చాలామంది.

తుపానే రానక్కర్లేదు. దోమల చక్రం పడి కాలిన మచ్చ, మంచం కోడు లాగి చింపిన అంచు, ఎలుక కొరికిన మూల, పిల్లలు ఒలకబోసిన సాంబారు.. వీటిలో ఏదైనా చాలు. దుబాయ్ నుంచో కువైట్ నుంచో సెలవులకు వచ్చినప్పుడు ఇంటి మనిషి మోసుకొచ్చిన కార్పెట్ కావచ్చు. కూతురి పెళ్లికి కొన్న తివాచీ కావచ్చు. ఊళ్లో అందరూ చందా వేసుకుని భజన మందిరానికి కొన్న జంపఖానా కావచ్చు. కొత్తది కొనాలంటే వేలల్లో మాట. మందిరం జంపఖానా అయితే మళ్లీ చందాలు వసూలు చేయాలి, అదో పెద్ద పని.

అయితే చూడగానే పనికిరాదనిపించే వాటిలో చాలావాటిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. అన్నిటినీ కాదు. ఏది బాగవుతుందో, ఏది కాదో తెలియాలంటే పైన కనిపించే మచ్చనో చిరుగునో చూస్తూ కూర్చుంటే లాభం లేదు. కార్పెట్‌ను తిరగేసి వెనకవైపు చూడాలి.

వెనకవైపు ఏముంటుంది?

వెనక తిప్పగానే ముందువైపు డిజైనే అక్కడా కనిపించి, చిన్న చిన్న ముడులు వరుసల్లో తేలి ఉంటే అది ముడుల తివాచీ. ఏలూరులో నేసే ఉన్ని తివాచీలు, కశ్మీరు తివాచీలు ఈ రకానివే. వీటికి రెండు చివర్లా వేలాడే కుచ్చులు అలంకారానికి కుట్టినవి కావు. తివాచీ మొత్తాన్ని పట్టి ఉంచే పడుగు దారాల కొసలే అవి. అందుకే కుచ్చులు తెగితే అక్కడి నుంచి ముడులు ఒక్కొక్కటే జారిపోవడం మొదలవుతుంది.

వెనక గోనెగుడ్డ లాంటి గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్ కార్పెట్. గన్‌తోనో మెషీన్‌తోనో నూలును ఒక గుడ్డలోకి గుచ్చి, వెనక లేటెక్స్ జిగురు పూసి, ఆ పైన ఇంకో గుడ్డ అంటిస్తారు. ఇందులో ముడులుండవు, నూలును పట్టి ఉంచేది జిగురే. షాపుల్లో కొనేవి చాలావరకు ఇవీ, మెషీన్ మీద నేసిన సింథటిక్ కార్పెట్లే. మెషీన్ నేతదైతే వెనక ముడులకు బదులు సమానంగా నేసిన గీతలు కనిపిస్తాయి.

రెండువైపులా ఒకేలా ఉండి, కుచ్చు నూలు అసలే లేకుండా బట్టలా నేసి ఉంటే అది జంపఖానా. వరంగల్ దర్రీలు ఈ కోవలోకే వస్తాయి. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బాగుచేయడానికి అన్నిటికంటే తేలికైంది జంపఖానాయే. బొంత కుట్టడం వచ్చిన చేతికి ఇది పెద్ద పని కాదు.

ఇక వెనకవైపు గుడ్డ సంగతి. విజయనగరం జిల్లా వాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. నెల్లిమర్ల పేరు చెబితేనే జూట్ మిల్లు గుర్తొస్తుంది. రెండు జిల్లాల్లోనూ గోగునార పండించిన చేతులు, గోనె సంచులు కుట్టిన చేతులు ఎన్నో. చాలా కార్పెట్ల వెనక ఉండేది అదే జూట్ గుడ్డ. దాని గుణమూ తెలిసిందే కదా. పొడిగా ఉన్నంతకాలం గట్టిగా ఉంటుంది, తడిలో నానితే కుళ్లుతుంది, చెదలకు ఇష్టమైన తిండి. పైగా జూట్ తడిసినప్పుడు గోధుమ రంగు దిగుతుంది. కార్పెట్ ఆరే కొద్దీ ఆ రంగు పైకి పాకి మచ్చలు కడుతుంది. వాటిని బురద మచ్చలనుకుని మళ్లీ మళ్లీ నీళ్లు పోసి తోముతారు. ఎంత తడిపితే అంత రంగు దిగుతుంది. ఇక్కడ కావాల్సింది త్వరగా ఆరబెట్టడం.

చిన్న పోగుతో పెద్ద పరీక్ష

ఎలా నేశారో తెలిశాక, దేనితో నేశారో కూడా తెలియాలి. వెనకవైపు ఎవరికీ కనిపించని చోట ఒక పోగు కత్తిరించండి. దాన్ని పట్టకారుతో పట్టుకుని, ఇంటి బయట, కింద నీళ్ల పళ్లెం పెట్టి వెలిగించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మంట దానంతటదే ఆరిపోయి, నలిపితే పొడైపోయే బూడిద మిగిలితే అది ఉన్ని. కాగితంలా గబగబా కాలి మెత్తని బూడిద మిగిలితే నూలు లేదా జూట్. కాలకుండా కరిగి, చల్లారాక గట్టి పూసలా మారితే సింథటిక్. సింథటిక్‌లోనూ పాలీప్రొపిలీన్‌ను గుర్తుపట్టడానికి ఇంకో చిట్కా ఉంది. కాల్చని పోగు ఒకటి గ్లాసు నీళ్లలో వేసి ముంచండి. తేలితే పాలీప్రొపిలీనే, ఎందుకంటే అది నీటికంటే తేలిక.

పట్టులా తళతళలాడే కార్పెట్ పోగు కాగితంలా కాలిందంటే అది పట్టు కాదు, విస్కోస్. పట్టు అని చెప్పి అమ్మేసే రకం ఇదే. తడిస్తే దీని పోగు బలహీనపడి పసుపు పచ్చగా మారుతుంది. దీని మీద నీళ్లతో ప్రయోగాలు చేయకపోవడమే మంచిది.

ఇంత పరీక్ష ఎందుకంటారా? ఉన్ని మీద బ్లీచింగ్ నీళ్లు పోస్తే పోగు కరిగిపోతుంది. పాలీప్రొపిలీన్ మీద వేడి ఇస్త్రీపెట్టె పెడితే అతుక్కుపోతుంది, 160 డిగ్రీల దగ్గరే అది కరుగుతుంది మరి. కాటన్ బట్టలకు పెట్టే వేడి అంతకంటే ఎక్కువే. ఒకదాని మందు ఇంకోదానికి విషం. చేతిలో ఉన్నదేంటో తెలియకుండా మొదలుపెట్టిన రిపేరే చాలాసార్లు అసలు దెబ్బకంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

వరద నీళ్లలో నానితే మొదటి రెండు రోజులే కీలకం

తడిసిన వస్తువు మీద ఫంగస్ పుట్టడానికి 24 నుంచి 48 గంటలు చాలు. అందుకే నీళ్లు దిగగానే కార్పెట్ పని చూడాలి. అంతకంటే ముందు మెయిన్ స్విచ్ ఆపారో లేదో చూసుకోవాలి. తడి నేల, తడి కార్పెట్, గోడ కింది ప్లగ్గు.. ఈ మూడూ ఒక చోట ఉంటే ప్రాణాలకే ముప్పు.

వాన నీళ్లు కిటికీలోంచి కొట్టి తడిసిన కార్పెట్ వేరు, కాలువ పొంగి డ్రైనేజీ నీళ్లతో కలిసి నానిన కార్పెట్ వేరు. మొదటిది దాదాపు ఎప్పుడూ బాగవుతుంది. రెండోదానికి స్పాంజి లాంటి ఫోమ్ అడుగు ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి, ఆ ఫోమ్‌లోకి వెళ్లిన మురుగు ఎంత కడిగినా పోదు. రెండు మూడు రోజులు మురుగులో నాని, వెనకవైపు నల్లటి చుక్కలు గుంపులుగా కట్టిన టఫ్టెడ్ కార్పెట్‌నూ వదిలేయాల్సిందే. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లో, పాకే పిల్లలో ఉంటే ఇందులో మొహమాటం వద్దు. పసిపిల్లల ముక్కు కార్పెట్‌కు జానెడు ఎత్తులోనే ఉంటుంది.

బాగవుతుందనుకున్నదాన్ని బయటికి తెచ్చి, ముందు ధారగా మంచి నీళ్లు పోసి బురద కొట్టుకుపోయేలా చేయాలి. తోమకూడదు. తోమితే ఇసుక, ఒండ్రు పోగుల మొదళ్లలోకి దిగిపోతాయి. రంగు దిగుతుందేమో కూడా చూసుకోవాలి. తడి తెల్లగుడ్డ ఒకటి కార్పెట్ మీద కొద్ది నిమిషాలు అదిమిపెట్టి తీస్తే గుడ్డే చెప్పేస్తుంది. రంగు అంటితే మడత పెట్టొద్దు, చుట్టొద్దు, ఒక రంగు ఇంకో రంగుకు తగలకుండా పరిచే ఆరబెట్టాలి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తడిసిన తివాచీని తీసుకెళ్లి మేడ మీద బట్టలు ఆరేసే తీగ మీద వేస్తారు. నీళ్లు పీల్చిన ఉన్ని తివాచీ బరువు మామూలుగా ఉండదు. ఆ బరువంతా సన్నని తీగ ఉన్న చోట పడి అక్కడి పడుగు దారాలు తెగుతాయి. ఆరాక చూస్తే మధ్యలో అడ్డంగా గీత, ఆ గీత వెంట చిరుగు. దానికి బదులు పాత నులక మంచమో నవారు మంచమో ఉంటే వాటి మీద పరచండి. కింద నుంచి గాలి ఆడుతుంది, బరువు అంతటా సమానంగా పడుతుంది. కార్పెట్ ఆరబెట్టడానికి ఇంతకంటే మంచి స్టాండు మార్కెట్లో కొన్నా దొరకదు. పాతకాలం మంచాలు అటక మీద పడేసిన వాళ్లు వాటిని దించాల్సిన సందర్భం ఇదే. రెండు గంటలకోసారి తిరగేస్తూ, ఫ్యాను గాలి రెండువైపులా తగిలేలా చూడాలి. ఎండ ఉంటే ముందు వెనకవైపును ఎండకు పెట్టండి, రంగు వెలిసిపోకుండా ఉంటుంది.

పైకి పొడిగా అనిపించినంత మాత్రాన ఆరినట్టు కాదు. తుపాను తర్వాత గాలిలో తేమ ఎలా ఉంటుందో తీరం వాళ్లకు తెలియంది కాదు. వెనకవైపు చెంప ఆనించి చూస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. లేదంటే ఓ ప్లాస్టిక్ కవరు కార్పెట్ మీద పరిచి రాత్రంతా ఉంచండి, తెల్లారేసరికి కవరు అడుగున చెమ్మ పట్టిందంటే ఇంకో రోజు ఆరాల్సిందే.

కాలిన మచ్చకు చిన్న కత్తెర చాలు

దోమల చక్రం, అగరుబత్తి, దీపం వత్తి, బీడీ నిప్పు.. ఇళ్లలో కార్పెట్ మీద పడే మచ్చల్లో ఇవే ఎక్కువ. కాలిన చోట వేలితో పోగుల్ని విడదీసి చూడండి. కొసలు మాత్రమే నల్లబడి మొదళ్లు బాగుంటే గోళ్లు తీసే చిన్న కత్తెరతో ఆ నల్ల కొసల్ని కత్తిరించి, చుట్టుపక్కల పోగుల్ని వేలితో దువ్వితే సరిపోతుంది. సింథటిక్ అయితే కొసలు కరిగి గట్టి గడ్డల్లా ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే కత్తిరించాలి. లాగితే మొదలుతో సహా ఊడి వస్తుంది.

మొదళ్ల దాకా కాలి కింది గుడ్డ కనిపిస్తుంటే నాటు వేయాలి. సోఫా కిందో అలమరా వెనకో ఉండే భాగం నుంచి ఒక్కోచోట కొన్ని చొప్పున పోగులు కత్తిరించి తీసుకోండి. కాలిన చోటును బాగా శుభ్రం చేసి, పలుచగా లేటెక్స్ జిగురు రాసి, పట్టకారుతో పోగుల్ని నిలువుగా నాటండి. వరి నాట్లలాగే ఒత్తుగా, ఒకే ఎత్తులో. పైన ప్లాస్టిక్ కాగితం వేసి, దాని మీద పుస్తకాల బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. ఆరాక ఎత్తు ఎక్కువైన పోగుల్ని కత్తిరించాలి.

జిగురు గురించి ఒక హెచ్చరిక. రెండు సెకన్లలో అంటుకునే చిన్న ట్యూబు జిగురు దీనికి వాడొద్దు. నూలు, ఉన్ని లాంటి వాటి మీద పడితే ఆ జిగురు ఉన్నట్టుండి వేడెక్కుతుంది, చేయి కాలే ప్రమాదం ఉంది. పైగా ఆరాక రాయిలా గట్టిపడి పాదానికి గుచ్చుకుంటుంది. చెక్కపనికి వాడే తెల్ల జిగురు కూడా అంత మంచిది కాదు, మామూలు రకమైతే నీళ్లు తగలగానే మెత్తబడిపోతుంది. ఆరాక కూడా రబ్బరులా వంగే లేటెక్స్ జిగురు అడిగి తెచ్చుకోండి.

జంపఖానా చిరిగితే పడుగు, పేక

పొందూరు ఖద్దరు పుట్టిన జిల్లా ఇది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద సన్ననూలు వడికే ఊళ్ల పక్కన ఉంటూ పడుగు అంటే ఏంటో, పేక అంటే ఏంటో విడమరచి చెప్పాల్సిన పని లేదు. జంపఖానాకు పడిన రంధ్రాన్ని పూడ్చడమంటే ఆ ఒక్క చోట మళ్లీ నేయడమే.

చిరుగు చుట్టూ వేలాడే దారాల్ని కత్తిరించకండి. అవి ఎంత పొడవుంటే అంత పట్టు. కావాల్సిన నూలు దారాన్ని ముందుగా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి పెట్టుకోవాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కొత్త దారం ముడుచుకుపోయి కుట్టిన చోటు మూతి ముడిచినట్టు తయారవుతుంది. చాలామంది ఈ ఒక్క పని మర్చిపోయి "మనకు రాదులే" అనుకుంటారు.

రంధ్రం కింద గట్టి నూలుగుడ్డ పరిచి, కదలకుండా నాలుగువైపులా టాకాలు వేయండి. దబ్బనానికి దారం ఎక్కించి, రంధ్రానికి ఒక అంగుళం అవతల బాగున్న నేత దగ్గర మొదలుపెట్టి, రంధ్రం మీదుగా నిలువుగా దాటి, అవతలి అంచు నుంచి ఇంకో అంగుళం లోపలికి తీసుకెళ్లండి. ఇలా పక్కపక్కనే నిలువు దారాలన్నీ వేశాక పడుగు సిద్ధం. ఇప్పుడు అడ్డంగా ఒక దారం పైనుంచి, తర్వాతి దారం కింద నుంచి పోనిస్తూ పేక నేయాలి. రెండో వరుసలో పైనుంచి వెళ్లినచోట కిందికి, కిందికి వెళ్లినచోట పైకి. ప్రతి నాలుగైదు వరుసలకోసారి ఫోర్క్‌తో కిందికి దువ్వి ఒత్తండి. దర్రీ నేసేవాళ్లు ఈ పనికి పంజా అనే ఇనుప దువ్వెన వాడతారు, ఇంట్లో తిండి తినే ఫోర్క్ చాలు. దారాన్ని బిగించి లాగొద్దు. కొద్దిగా వదులుగా, వానవిల్లులా వంచి వేసి ఫోర్క్‌తో ఒత్తితే అదే సర్దుకుంటుంది.

రంగు కలవలేదని బాధపడాల్సిన పనేం లేదు. పాత చీరలతో కుట్టిన బొంతలో ఏ రెండు ముక్కల రంగూ కలవదు, అయినా బాగానే ఉంటుంది కదా.

అంచు ఊడుతుంటే మాత్రం ఆలస్యం వద్దు

రంధ్రం ఉన్నచోటే ఉంటుంది. ఊడే అంచు అలా కాదు, రోజూ కాస్త పెరుగుతుంది. చీపురు తగిలినప్పుడల్లా, కాలు తగిలినప్పుడల్లా ఇంకో వరుస జారుతుంది. అందుకే ఒకే కార్పెట్‌కు రంధ్రమూ, అంచూ రెండూ దెబ్బతింటే ముందు అంచు పని చూడాలి.

ముడుల తివాచీ అయితే కుచ్చుల మొదట్లో గట్టి నూలు దారంతో, రెండేసి పడుగు దారాల్ని కలిపి పట్టుకుంటూ చుట్టుకుట్టు వేసుకుంటూ పోవాలి. సూది కనీసం రెండు ముడుల వరుసల లోపలికి దిగాలి, పైపైన వేస్తే కుట్టే జారిపోతుంది. పక్క అంచు అరిగితే అదే రంగు ఉన్ని దారాన్ని అంచు తాడు చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టుకుంటూ కుట్టాలి. జంపఖానాకూ, మెషీన్ కార్పెట్‌కూ కాజా కుట్టు బాగా పనిచేస్తుంది. షర్టు కాజాకు వేసే కుట్టే, కాకపోతే దారం లావు, సూది పెద్దది. పురికొసతో కుట్టాలని మాత్రం చూడొద్దు, కాళ్లకు గరుకుగా తగులుతుంది, తడిస్తే ముందు అదే కుళ్లుతుంది.

ఊడిన అంచుతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పడిపోవడానికి లేచిన కార్పెట్ అంచు ఒక కారణం అని వైద్యులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. రాత్రిపూట బాత్రూమ్‌కు లేచిన ముసలావిడ కాలి బొటనవేలు ఆ మూలకు తగిలితే తుంటి ఎముక విరిగేదాకా వెళ్తుంది. మూల పైకి లేస్తుంటే కార్పెట్‌ను రెండు రోజులు వ్యతిరేక దిశలో చుట్టి ఉంచండి. అప్పటికీ లేస్తే మూల కింద అరచేయంత గట్టి కాన్వాసు ముక్క కుట్టండి, ఆ బరువుకు కిందికి కూర్చుంటుంది. ఆ తర్వాత కూడా పాదానికి తగులుతోందంటే నడిచే దారిలోంచి దాన్ని తీసేసి గోడ పక్కకు మార్చడమే.

పెద్ద రంధ్రమైతే ముక్క వేయాలి

టఫ్టెడ్ కార్పెట్‌కు ఎలుక కొట్టిన అరచేయంత రంధ్రం ఉందనుకోండి. ఇక్కడ నేయడం కుదరదు, ముక్క వేయాలి. ముందు అరచేత్తో కార్పెట్‌ను నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, ఎదురు వైపు గరుకుగా తగులుతుంది. నున్నగా తగిలే దిశకు సుద్దముక్కతో బాణం గుర్తు గీయండి. వేసే ముక్కకూ ఇదే బాణం ఉండాలి. ఈ దిశ తప్పితే రంగు, నూలు ఒకటే అయినా వెలుతురు పడగానే ముక్క వేరే ముదురు రంగులో కనిపిస్తుంది. ఇంత శ్రమా చేసి చివరికి "ఇదేటి ఇలా ఉంది" అనిపించేది ఇక్కడే.

రంధ్రాన్ని చతురస్రంగా సరిచేయాలి. గుండ్రంగా కోస్తే అమర్చడం కష్టం. కొత్త బ్లేడుతో, వెనకవైపు నుంచి కోయండి. ముందు నుంచి కోస్తే పోగులు తెగుతాయి, వెనక నుంచైతే గుడ్డ మాత్రమే తెగుతుంది. పాత పేపరు రంధ్రం మీద పెట్టి అచ్చు గీసుకుని, అదే కొలతకు ముక్కను మంచం కింద ఉండే భాగం నుంచి తీయండి. ముక్క తీసిన చోట ఏదో ఒక రంగు గుడ్డ వేసినా ఎవరూ చూడరు. రంధ్రం అంచులకూ, ముక్క అంచులకూ జిగురు పలుచగా పట్టించండి, పోగులు ఊడవు. వెనక నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా గోనెగుడ్డ కోసి జిగురుతో అంటించి, ముందువైపు నుంచి ముక్కను దానిపై కూర్చోబెట్టండి. కొత్త గోనెగుడ్డయితే ముందు ఉతికి ఆరబెట్టాలి. బరువు పెట్టి ఒక రోజు, వానాకాలమైతే రెండు రోజులు వదిలేస్తే చాలు.

అయితే ఒక షరతు. ముక్క వేయబోయే ముందు కార్పెట్ ఎత్తి నేల చూడండి. ఇసుకలాంటి తెల్లటి పొడి రాలి ఉంటే లేటెక్స్ వయసైపోయినట్టు. పట్టి ఉంచాల్సిన జిగురే పొడైపోతుంటే ఈ రోజు ఇక్కడ ముక్క వేస్తే రేపు పక్కన ఊడుతుంది. అలాంటి కార్పెట్ మీద మూడు రోజులు కష్టపడటం దండగ. బాగున్న భాగాన్ని కోసి, అంచులకు కాజా కుట్టు వేసి గుమ్మం దగ్గర పట్టాలా వాడుకోవడం నయం.

పసుపు మరక, మంచం కోళ్ల గుంట

నేల మీద కూర్చుని భోంచేసే ఇంట్లో పసుపు మరక తప్పదు. దాని మీద సబ్బు పడగానే ఎర్రగా మారిపోతుంది, అది చూసి కంగారు పడతారు. సబ్బులోని క్షారానికి పసుపు అలాగే స్పందిస్తుంది. నూనె, మరక వీలైనంత అద్దేసి, ఎండలో పెట్టండి. ఎండకు పసుపు రంగు తనంతట తానే వెలిసిపోతుంది. మంచం కోళ్లు నొక్కిన గుంటలకు ఒక్కో ఐసు ముక్క పెట్టి కరగనివ్వండి. పోగులు ఉబ్బాక చెంచా అంచుతో పైకి దువ్వితే లేస్తాయి.

ఎప్పుడు చేయి పెట్టకూడదు?

తాతల నాటి ఉన్ని తివాచీ, పట్టు తివాచీ, ముడులు బాగా సన్నగా ఉన్న తివాచీలకు మధ్యలో రంధ్రం పడితే ఇంట్లో జిగురు రాయకండి. వాటికి పడుగు మళ్లీ వేసి ఒక్కొక్క ముడి కట్టే పనివాళ్లు వేరే ఉంటారు. రఫూ పని అంటారు దాన్ని. జిగురు పట్టిన చోట వాళ్ల సూది దిగదు, ముందు జిగురు తీయడానికే సగం శ్రమ పోతుంది. అంచులు ఇంకా ఊడకుండా నాలుగు టాకాలు వేసి, రంధ్రం కింద గుడ్డ కుట్టి, చుట్టి పెట్టి వాళ్లకు అప్పగించడం వరకే ఇంట్లో చేయాల్సిన పని.

ఉన్ని తివాచీలో రంధ్రాలు చిన్న చిన్నవి చాలా చోట్ల ఉండి, వెనక సన్నని గూళ్లో, పొట్టులాంటి పురుగు చర్మాలో కనిపిస్తే అది చిరుగు కాదు, పురుగు. ముందు పురుగును పోగొట్టకుండా కుడితే కుట్టిన దారాన్నీ తినేస్తుంది. బయటికి తెచ్చి రెండువైపులా బాగా దులిపి, వాక్యూమ్ ఉంటే దాంతో లాగి, ఎండలో తిప్పుతూ ఉంచాలి. నాఫ్తలీన్ గోళీలు వేస్తే పిల్లలకు అందని చోట, మూసిన పెట్టెలోనే వేయండి. పసిపిల్లలున్న గదిలో అసలు వద్దు, కొందరు పిల్లల్లో అది రక్తకణాలను దెబ్బతీస్తుంది.

వానాకాలంలో దాచిపెట్టేటప్పుడు కార్పెట్‌ను మడత పెట్టకుండా చుట్టాలి. మడత దగ్గర వెనక జిగురు పగులుతుంది. ప్లాస్టిక్ కవరులో బిగిస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, పాత నూలు దుప్పటిలో చుట్టండి. నేల మీద కాకుండా గోడకు జానెడు దూరంలో బల్ల మీదో ఇటుకల మీద చెక్క పరిచో పెట్టాలి, చెద నేల నుంచీ గోడ నుంచీ ఎక్కుతుంది. బాగుచేయగా మిగిలిన ముక్కలు, దారాలు, జిగురు ట్యూబు అన్నీ ఒక సంచిలో వేసి ఆ చుట్టలోనే పెట్టేస్తే వచ్చే ఏడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.